పెంపకం తొలి పాఠమే, తుది తీర్పు కాదు

పట్టాలు అందుకుంటున్న ప్రియమైన విద్యార్థులారా,

ఎవరింట్లో భోంచేయవచ్చు, ఏ పనికి ఎంత మర్యాద, ఆడపిల్ల ఎంతవరకు చదవాలి... ఇలాంటి విషయాల్లో ఈపాటికే మీకు అభిప్రాయాలు ఏర్పడి ఉంటాయి. వాటిలో చాలావరకు ఊహ తెలియని రోజుల్లో ఇంట్లో చూసి నేర్చుకున్నవే. పనిమనిషి కోసం గూట్లో విడిగా పెట్టిన గ్లాసును రోజూ చూస్తూ పెరిగిన పిల్లవాడికి కులం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇందుకు భిన్నమైన పెంపకం అందుకున్న మన నేల మీది ఇద్దరి గురించి చెబుతాను. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కుమారుడు 1930లో పుట్టాడు. అది ఉప్పు సత్యాగ్రహం జరిగిన సంవత్సరం. అందుకే ఆ బిడ్డకు లవణం అని పేరు పెట్టారు. కుల భేదాన్ని, మూఢనమ్మకాన్ని గడప దాటి రానివ్వని ఇల్లది. హేమలత మహాకవి జాషువా కూతురు. అంటరానితనం చేసిన గాయాన్ని పద్యంగా మలిచిన తండ్రి దగ్గర పెరిగింది. 1960లో వీళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు.

1970లలో ఆ దంపతులు బాపట్ల దగ్గరి స్టువర్టుపురం వెళ్లారు. నేరస్థ తెగల చట్టం కింద నేరస్థులని ముద్ర వేసిన ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచిన సెటిల్‌మెంటు అది. 1871లో పుట్టిన ఆ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. దాని కింద ఆ కుటుంబాలవాళ్లు హాజరు వేయించుకోవాల్సి వచ్చేది, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాల్సి వచ్చేది. తండ్రి హాజరు కోసం వరుసలో నిలబడటం చూస్తూ పెరిగే బిడ్డ తన గురించి తాను ఏమనుకుంటుంది? 1952లో చట్టం పోయింది, ముద్ర మాత్రం పోలేదు. హేమలత, లవణం ఆ కుటుంబాల మధ్యకు వెళ్లి మాట్లాడారు. ఉపాధికీ, పిల్లల చదువుకూ దారి వెతికారు. నేరం మాని కొత్త బతుకు మొదలుపెట్టినవాళ్లు అక్కడ ఎందరో ఉన్నారు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు మన పెద్దలు. స్టువర్టుపురం దానికి వేరే జవాబు చెప్పింది. గోరా గారూ చెప్పారు. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పెరిగి, కళాశాలలో వృక్షశాస్త్రం బోధించిన ఆయన పెద్దయ్యాకే జంధ్యం వదిలేశారు. నాస్తిక భావాల వల్ల ఉద్యోగం పోయినా వెనక్కి తగ్గలేదు. పెంపకం బలమైనదే, కానీ పెరిగిన మనిషి దాన్ని పరీక్షించుకోగలడు.

మిమ్మల్ని కోరేది రెండు పనులు. ఇంట్లో నేర్చిన నమ్మకాలను ఒక్కొక్కటిగా ఎదుట పెట్టుకుని ఇది న్యాయమేనా అని అడగండి. నిలిచినదాన్ని గర్వంగా ఉంచుకోండి, నిలవనిదాన్ని అమ్మానాన్నల మీద ప్రేమ తగ్గకుండానే వదిలేయండి. రెండోది, మంచి పెంపకం మీరు సంపాదించుకున్నది కాదు, మీకు దక్కినది. అది దక్కనివాళ్లను చిన్నచూపు చూడకండి. రేపు మీలో ఒకరు టీచరు అవుతారు, ఒకరు పోలీసు అధికారి, ఒకరు డాక్టరు. మీ ఎదుటికి వచ్చే ప్రతి బిడ్డా మీరు పిలిచే తీరును బట్టే తన విలువ ఎంతో లెక్క కట్టుకుంటుంది. ఆ బిడ్డను పేరు పెట్టి, మర్యాదగా పిలవండి.