వెండినీరు

శిశువునకు ఉగ్గుగిన్నె వెండిదే చేయించుట మన యిండ్లలో పూర్వాచారము. కలిమి లేనివారు సైతము మేనమామవలననో అమ్మమ్మవలననో యొక చిన్నగిన్నె సంపాదింతురు. ఆ యాచారమునే సాక్ష్యముగా జూపి, నేడు సీసాలలో “కొలాయిడల్ సిల్వర్” అను పేర నొక నీటిని విక్రయించుచు, గిన్నెలోని గుణమే యిందును గలదని నమ్మించువారు బయలుదేరినారు. జ్వరమునకును, దగ్గునకును, గజ్జికిని అదియొక్కటే మందట! నాయొద్ద చదువుకొన్న యొకడు, తన నాలుగేండ్ల బిడ్డకు వైద్యుడు వ్రాసిన మందు మాన్పించి దీనిని పోయవచ్చునా యని నన్నడిగెను. నేను వైద్యుడను గాను. అయినను వలదని చెప్పుటకు రసాయనశాస్త్రము చాలును. ఎట్లు చాలునో వినుడు.

గిన్నెలోని వెండి లోహము. దాని పరమాణువులు ఒండొంటిని గట్టిగా పట్టుకొనియుండుటచే నీటిలో దిగునది అత్యల్పము. ఆ పరమాణువు తన ఎలక్ట్రాను నొకదానిని కోల్పోయినచో ధనావేశము గల అయాను అగును. సిల్వర్ నైట్రేటును నీట గలిపినప్పుడు ఈ యయానులే విడివిడిగా సంచరించును; ఆ నీటికి రంగు లేదు. కొలాయిడు వేఱు. అందు పరమాణువులు గుంపులు గూడి, మిల్లీమీటరులో పదిలక్షలవవంతు మొదలు పదివేలవవంతు వఱకు గల రేణువులై, అడుగునకు దిగక తేలియుండును. సన్నని వెండిరేణువులుగల నీరు పలుచని తేనెవలె పచ్చగా నుండును. 1861లో థామస్ గ్రాహము అను రసాయనజ్ఞుడు జిగురు అను నర్థముగల గ్రీకుపదమునుండి కొలాయిడు అను పేరు గల్పించెను. మన శాస్త్రకారులు కాంజికాభ మనిరి. కాంజిక మనగా కలినీరు. జిగురుకంటె కలినీరే నాకు చక్కని యుపమానముగా దోచుచున్నది.

ఆ శిష్యుడు తెచ్చిన సీసాలోని నీరు ఊటనీటివలె తేటగా నున్నది. గాజుగ్లాసులో కొంచెము పోసి చిటికెడుప్పు వేసితిని. వెంటనే తెల్లని మసక క్రమ్మినది. ఉప్పులోని క్లోరైడుతో వెండి యయానులు కలిసి సిల్వర్ క్లోరైడు అయినవి. అది లీటరు నీటిలో రెండు మిల్లీగ్రాములకు మించి కరగదు. గ్లాసును ఎండలో నుంచగా ఆ మసకయే బూడిదవన్నెకు దిరిగినది. పూర్వము ఛాయాచిత్రములు తీయుటకు తోడ్పడినది వెండిలవణముల యీ స్వభావమే. కావున సీసాపై కొలాయిడని యున్నను లోపల నున్నవి విశేషముగా అయానులే. రెండు వెండితీగలు, విద్యుద్ఘటములు పెట్టి యింట చేసికొను నీరును ఇట్టిదే. శుక్తిని జూచి రజతమని భ్రమించుట వేదాంతులు చెప్పు దృష్టాంతము. ఇచట రజతమును జూచి వేఱొక రజతమని భ్రమించుట!

వెండి క్రిములను చంపునా? చంపును. లేశమాత్రమే చాలునని నేగెలీ అను శాస్త్రజ్ఞుడు కనుగొనిన సంగతి ఆయన మరణానంతరము 1893లో ప్రకటితమైనది. అంతకుముందే, 1881లో, లైప్జిగు నగరమున క్రెడే అను ప్రసూతివైద్యుడు పుట్టిన శిశువుల కన్నులలో నూటికి రెండుపాళ్ల సిల్వర్ నైట్రేటు చుక్క వేయు పద్ధతిని ప్రకటించి, ఎందఱినో అంధత్వమునుండి కాపాడెను. 1968లో చార్లెస్ ఫాక్సు కాలినపుండ్లకు సిల్వర్ సల్ఫడయజీను లేపనమును కల్పించెను. ఇవి యన్నియు క్రిమి యున్నచోటనే పైని ప్రయోగించునవి. మ్రింగిన వెండి గతి వేఱు. కడుపులో హైడ్రోక్లోరికామ్లము కాచుకొనియుండును. గ్లాసులో ఉప్పు చేసిన పనినే అచట నది చేయును. మిగిలినది మాంసకృత్తులలోని గంధకమును పట్టుకొనును. గాజుపాత్రలో క్రిమి చచ్చెనని రక్తములోను చచ్చునని చెప్పుట కుదరదు.

అట్లని యా వెండి యంతయు బయటికి పోవునా? పోదు. కొంతభాగము పేగులనుండి రక్తములో జేరి చర్మమునకు వచ్చి, వెలుతురు సోకగా లోహమై, గంధకముతోడను సెలీనియముతోడను గూడి నిలిచిపోవును. మొగము, చేతులు నీలి బూడిదవన్నెకు దిరుగును. దీనికి అర్జీరియా యని పేరు. నీలమేఘచ్ఛాయ శ్రీరామచంద్రునికి సొగసు గాని గృహస్థులకు గాదు. మోంటానా రాష్ట్రమునుండి 2002లో అమెరికా సెనేటునకు పోటీచేసిన యొకాయన స్వయముగా చేసికొన్న వెండినీరు త్రాగి నీలివర్ణుడయ్యెను. 1999లోనే అచటి ఆహార ఔషధ పాలనశాఖ, కొలాయిడు వెండిగాని వెండిలవణములుగాని గల, చీటి లేకుండ అమ్ము మందులు క్షేమకరములనియు గుణకారులనియు నెన్నదగవని శాసించినది.

ఇక లెక్క చూతము. అమెరికా పర్యావరణరక్షణసంస్థ నిర్ణయించిన హద్దు, దేహపు కిలోకు దినమునకు 0.005 మిల్లీగ్రాము. పదికిలోల బిడ్డకు 0.05. లీటరునకు 10 మిల్లీగ్రాముల వెండిగల నీటిలో 5 మిల్లీలీటర్ల చెంచాడు పోసినచో సరిగా ఆ 0.05 తీఱిపోవును, రెండవ చెంచా హద్దు దాటినట్లే. మన దేశపు త్రాగునీటి ప్రమాణము లీటరునకు 0.1 మిల్లీగ్రామే గదా. ఆ సీసానీరు దానికి నూఱురెట్లు. ఇంట చేసినదానిలో నెంత వెండి దిగినదో కంటికి దెలియదు.

ఇదిగాక, కొన్ని యాంటీబయాటిక్కులను, థైరాయిడు రోగులు పుచ్చుకొను థైరాక్సినును దేహమునకు సరిగా పట్టనీయదు. పైగా, ఒకసారి చర్మమున జేరిన వెండిని మందులిచ్చి వెడలగొట్టు నుపాయము లేదు. లేజరుకిరణములతో కొందఱికి ఆ రంగు తగ్గించినట్లు వైద్యులు ప్రకటించిరి. అదియు చర్మమునకే గాని, లోపలి యవయవములలో నిలిచిన వెండి జోలికి పోదు.