వార్తాపత్రిక చివరి పుట

వార్తాపత్రిక చదివే తీరును బట్టి మనిషి వయస్సును చాలవరకు చెప్పవచ్చును. ఇరువది యేండ్ల యువకుడు పత్రికను వెనుకనుండి విప్పుతాడు. ఆటల పుట చూచిన పిమ్మట గాని ప్రపంచంలో ఏమి జరిగినదో అతనికి పట్టదు. అరువది దాటిన పెద్దలు మొదటి పుట మొదలుకొని ముద్రాపకుని పేరు వరకు ఒక్క అక్షరం విడువక చదువుతారు. నడివయస్సు వారి పద్ధతి వేరు. మొదటి పుటలోని శీర్షికలు చూచి నిట్టూర్చి, ధరల పట్టికపై ఒక చూపు సారించి, చివరి పుటకు చేరబోయే సమయానికి వారికి లోపలినుండి పిలుపు వస్తుంది. పాలవాని లెక్కో, పిల్లవాని జ్వరమో, బడి జీతం గడువో అడ్డు తగులుతుంది. పత్రిక మడిచి లేవక తప్పదు. నేడు పత్రిక చాలమందికి చేతిలోని ఫోనులోనికి వచ్చినది గాని ఈ క్రమం మాత్రం మారలేదు.

మేము ఈ మూడవ తెగకు చెందినవారము. వార్తలు మాకు వృత్తి, ఆటలు పాత అలవాటు, సంసారం నిత్యకృత్యం. ఈ మూడింటిని మూడు గదులుగా భావించి, ఒకదానిలోనుండి మరొకదానిలోనికి పోయేటప్పుడు తలుపు దగ్గరగా వేసుకొని పోవడం మావంటివారి అలవాటు. కాని ఆటలాడే ఆడపిల్ల పదవ తరగతి పూర్తిచేసిన వేసవిలో ఏ ఇంటిలోనూ ఈ తలుపులు నిలువవు. మా ఇంట ఆ వేసవి గడిచి ఎంతో కాలం కాలేదు. కనుక దానిని గూర్చి నాలుగు మాటలు శ్రోతలతో చెప్పుకొనవలెనని మా ఉద్దేశం.

మా అమ్మాయి ఖోఖో ఆడుతుంది. ఈ ఆట ఎరుగని తెలుగువారు అరుదు. బడులలో ఆడే పద్ధతిలో రెండు స్తంభాల నడుమ ఎనిమిదిమంది వరుసగా, ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదవ పిల్ల ఎదుటి జట్టువారిని తరుముతుంది. అలసినప్పుడో, దిక్కు మార్చవలసి వచ్చినప్పుడో కూర్చున్న వారిలో ఒకరి వెన్ను తట్టి ‘ఖో’ అంటుంది. ఆ పిల్ల లేచి పరుగందుకొంటుంది; వెన్ను తట్టిన పిల్ల ఆ ఖాళీలో కూర్చుంటుంది. దీనికి బంతి అక్కరలేదు, బ్యాటు అక్కరలేదు. చదునైన నేల ఉంటే చాలును. 2025 జనవరిలో ఢిల్లీలో ఈ ఆటకు తొలి ప్రపంచ కప్పు పోటీలు జరిగినప్పుడు స్త్రీల విభాగంలోను, పురుషుల విభాగంలోను భారత జట్లే నేపాల్ జట్లను ఓడించి విజేతలైనవి. ఆ రాత్రి మా ఇంట భోజనాల వేళ సరిగా సాగలేదని మాత్రం చెప్పగలము.

పరీక్షలు ముగిసినవి. ఇంటర్మీడియట్ చదువు విషయమై ఒక కళాశాల ప్రతినిధి మా ఇంటికి వచ్చారు. ఆయన తెచ్చిన రంగుల పుస్తకంలో నాలుగంతస్తుల భవనం ఉన్నది, శీతల గదులు ఉన్నవి, వారానికొక పరీక్ష ఉన్నది. ఉదయం ఐదున్నర మొదలు రాత్రి పది గంటల వరకు ప్రతి అరగంటకు ఒక పని నిర్ణయించిన పట్టిక ఉన్నది. ఆ పట్టికను ఆసాంతం చదివి, ‘ఆటస్థలం ఎక్కడండీ?’ అని అడిగాము. ఆయన కొంచెం ఆలోచించి, ‘ఆదివారం సాయంత్రం ఒక గంట మేడమీద తిరగనిస్తామండీ. క్యారమ్ బోర్డులు కూడా ఉన్నాయి’ అన్నారు. మర్యాదస్తుడు, అబద్ధమాడలేదు.

ఆయన వెళ్ళిన తరువాత ఇంట సభ తీరినది. మా శ్రీమతి ఆటకు విరోధి కాదు. అమ్మాయి బూట్లు చిరిగినవని ముందుగా గమనించేది ఆమెయే. అయినను ఆమె ఒక ప్రశ్న వేసినది: ‘రేపు ర్యాంకు రాకపోతే లోకం మనల్ని ఒక మాట అంటుంది, పోతుంది. కానీ పదేళ్ళ తరువాత అదే వచ్చి, ఆనాడు నన్నెందుకు చదువుకోమని గట్టిగా చెప్పలేదు నాన్నా అని అడిగితే ఏం చెబుతారు?’ ఈ ప్రశ్నకు తేలిక సమాధానం లేదు. పిల్లల భవిష్యత్తు అనే మాట సభలలో ఉచ్చరించడం సులభం. భోజనాల బల్లవద్ద ఎదురుగా కూర్చున్న పిల్లను చూస్తూ ఉచ్చరించడం కష్టం.

అప్పటివరకు చిక్కుడుకాయల నార తీస్తూ కూర్చున్న మా అమ్మగారు తలయెత్తకుండానే అందుకొన్నారు. ‘నేను పదమూడో యేట ఆట మానేశానురా. తొక్కుడుబిళ్ళలో నన్ను మించినవాళ్ళు మా వీధిలో లేరు. ఎవరూ మానమనలేదు. ఇక ఆడకూడదని నాకే తెలిసిపోయింది. ఆ తరువాత చెరువునుంచి బిందె చంకనెత్తుకుని రోజుకు నాలుగు మార్లు వచ్చేదాన్ని. దాన్ని మాత్రం ఎవరూ ఆట అనలేదు.’

ఎవరూ మానమనకుండానే మానివేసిన ఆట! ఆ మాట విన్నప్పటినుండి మాకు చివరి పుట మునుపటివలె కనిపించడం లేదు. అందులోని ప్రతి విజయవార్త వెనుక ఒక ఇంటిలో జరిగిన ఇటువంటి సభ ఒకటి ఉన్నదనిపిస్తున్నది. ఆ సభా విశేషాలను ఏ పత్రికా ప్రకటించదు.

2000 సంవత్సరం సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోల బరువెత్తి కాంస్య పతకం గెలుచుకొన్నది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. స్త్రీలకు బరువులెత్తే పోటీ ఒలింపిక్స్‌లో ప్రవేశపెట్టినది కూడా ఆ యేడే. శ్రీకాకుళం జిల్లా ఆముదాలవలస ప్రాంతంలో, ఆడపిల్ల బరువులెత్తడమేమిటని నలుగురూ విస్తుపోయే రోజులలో, ఆ ఇంటి ఆడపిల్లలు వ్యాయామశాలకు పోయినారు. పతకం సిడ్నీలో దక్కినది గాని, దానికి కావలసిన మొదటి అనుమతి ఊరిలోని ఒక వంటింటిలో లభించినది.

నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ 2022 లో ఇస్తాంబుల్‌లోను, 2023 లో ఢిల్లీలోను ప్రపంచ ముష్టియుద్ధ విజేత అయినది. ఆడపిల్ల పొట్టి దుస్తులు ధరించే ఆట ఆడరాదని బంధుమిత్రులు పలికిన మాటలను గూర్చి ఆమె తండ్రి బహిరంగంగానే చెప్పియున్నారు. ఆయనయు ఒకనాటి క్రీడాకారుడే. కూతురు బరిలో ఎదుర్కొన్న దెబ్బలు వేరు, తండ్రి వాకిట ఎదుర్కొన్నవి వేరు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి తండ్రి కాపలా ఉద్యోగి; తల్లి ఆసుపత్రిలో శుభ్రపరచే పని చేసినది. జ్యోతి 2023 లో బాంకాక్‌లో జరిగిన ఆసియా పోటీలలో 100 మీటర్ల హర్డిల్స్ పందెంలో స్వర్ణం సాధించినది. 2024 లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పందెంలో పాల్గొన్న తొలి భారతీయ మహిళగా నిలిచినది. ఇరుకైన ఆదాయంలో పాలకు, గ్రుడ్లకు, ప్రయాణాలకు డబ్బు ఎట్లు అమర్చినారో ఆ తల్లిదండ్రులకే తెలియవలెను.

ఈ పేర్లు వినగానే మరొక ప్రమాదం ఎదురవుతుంది. మన పిల్లకూ పతకం రావలెననే కోరిక పుడుతుంది. ర్యాంకు స్థానంలో పతకం వచ్చి కూర్చుంటే పిల్లకు దక్కిన స్వేచ్ఛ ఏమిటి? పి. వి. సింధు తలిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యం పొందిన మన జట్టులోనివారు. ఆ ఇంట వలకు ఈవలా ఆవలా వాలీబాలే ఎగురుతుందని ఎవరైనా ఊహింతురు. పిల్ల బ్యాడ్మింటన్ రాకెట్టు పట్టుకొన్నది. పెద్దలు అడ్డు చెప్పలేదు. 2016 లో రియోలో రజతం, 2019 లో ప్రపంచ విజేత పదవి, 2021 లో టోక్యోలో కాంస్యం తరువాతి మాటలు. ఆట పిల్లది కావడం మొదటి మాట.

ఆటవలన లభించేది పతకమే కానక్కరలేదు. సి. కె. నాయుడుగారు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించి 1932 లో లార్డ్స్ మైదానంలో మన దేశపు తొలి టెస్టు జట్టుకు నాయకత్వం వహించిన సంగతి అందరికీ తెలిసినదే. ఆయన కుమార్తె చంద్రా నాయుడుగారు 1977 లో ఎం. సి. సి. జట్టు మన దేశానికి వచ్చినప్పుడు క్రికెట్ వ్యాఖ్యానం చేసి, మన దేశంలో తొలి మహిళా వ్యాఖ్యాతలలో ఒకరుగా పేరు గాంచినారు. తండ్రిని గూర్చి ఒక స్మృతిగ్రంథం కూడా వ్రాసినారు. 2021 లో ఆమె పరమపదించిన వార్త వచ్చినప్పుడు మైక్రోఫోను ముందు కూర్చునే మావంటివారికి స్వకుటుంబంలోని పెద్ద ఒకరు పోయినట్లు తోచినది. తండ్రినుండి ఆమెకు సంక్రమించినది బ్యాటు కాదు, ఆటను చూచే చూపు. అదియు ఆస్తియే.

ఇంటి సంగతి ఇట్లుండగా, మొదటి పుట సంగతి కూడా చూడవలెను. పిల్లకు ఆటస్థలం ఉండడం తలిదండ్రుల ఔదార్యం మాత్రమే కాదు. అది ప్రభుత్వ విషయం. రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో 33 వ అంశంగా నాటకాలు, సినిమాలు, వినోదాలతోపాటు క్రీడలను చేర్చినారు. 2009 లో చేసిన విద్యాహక్కు చట్టం తన అనుబంధంలో పాఠశాలకు ఉండవలసిన వాటిని పేర్కొంటూ గ్రంథాలయంతోపాటు ఆటస్థలాన్ని కూడా చెప్పినది. అయిదు మొదలు పదునేడేండ్ల వయస్సు గల పిల్లలకు దినానికి సగటున 60 నిమిషాల శరీరశ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో సూచించినది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. విద్యాహక్కు చట్టం ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల పిల్లలకు, అనగా ఎనిమిదవ తరగతి వరకు వర్తిస్తుంది. ఆ పిమ్మట శరీరానికి గంటసేపు పరుగు కావలెనని వైద్యశాస్త్రం చెబుతూనే ఉన్నది గాని, పరుగెత్తడానికి నేల చూపవలసిన ఆ అనుబంధం అక్కడితో ఆగిపోతున్నది. మా అమ్మగారు పదమూడవ యేట ఆట మానినారు. చట్టం మరొక యేడు తోడు నడిచి నిలిచిపోయినది. నాలుగంతస్తుల భవనం ఆ తరువాతి రెండేండ్లను తన పట్టికలో ఇముడ్చుకొన్నది. ఆడపిల్లకు ఆట ఎక్కడ ఆగిపోతున్నదో వెదకడానికి ఎంతో దూరం పోనక్కరలేదు.

2025 నవంబరు 2 వ తేదీన నవీ ముంబాయిలో మన మహిళల జట్టు దక్షిణాఫ్రికాపై 52 పరుగుల ఆధిక్యంతో ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉన్నది. మరునాడు ఆ వార్త చివరి పుటలో ఇమడలేదు. మొదటి పుటకు వచ్చినది. సంతోషమే. కాని అటువంటి వార్తను చూచి ఆనందించిన ప్రతి పెద్దమనిషీ తన వీధిలోని పాఠశాలకు మైదానం ఉన్నదా, ఉన్నచో సాయంకాలం దాని తలుపు తెరచి ఉంచుతున్నారా, ఆడి ఇంటికి వచ్చే దారిలో దీపాలు వెలుగుతున్నవా అని విచారించిన నాడు ఆ సంతోషం సార్థకమవుతుంది.

మా ఇంటి నిర్ణయం ఏమైనదని శ్రోతలు అడుగవచ్చును. మైదానం ఉన్న కళాశాల ఒకటి కొంచెం దూరాన కనబడినది. రెండు బస్సులు మారవలెను. ర్యాంకుల ప్రకటనలలో దాని పేరు పెద్ద అక్షరాలతో కనబడదు. అమ్మాయిని అక్కడ చేర్చినాము. సాయంకాలం ఒక గంట ఆటకు, రాత్రి రెండు గంటలు చదువుకు అని ఆమెయే పట్టిక వేసుకొన్నది. మా శ్రీమతి వేసిన ప్రశ్న ఇంటిలోనే ఉన్నది. దానికి సమాధానం పదేండ్ల తరువాత అమ్మాయి చెప్పవలసినదే గాని మేము చెప్పగలిగినది కాదు. బస్సు ఆలస్యమైన రోజున మేమే స్టాపు వద్దకు పోయి నిలబడుతున్నాము. అక్కడ మావంటి తండ్రులు మరి ఇద్దరు ముగ్గురు కనబడుతున్నారు. వారితో ధరలు, ఎన్నికలు, ఆటలు, పిల్లలు అన్నీ ఒకే మాటలో దొర్లిపోతున్నవి.

ఖోఖోలో కూర్చున్న పిల్ల తనంతట తాను లేవరాదు. వెనుకనుండి ఒకరు వచ్చి వెన్ను తట్టవలెను, ‘ఖో’ అని వినబడేటట్లు పలుకవలెను. మా అమ్మగారికి ఆ మాట పలికినవారు లేకపోయినారు. పలికినవారు ఆ క్షణమే ఆ చోట కూర్చొనవలెననేది కూడా ఆ ఆట నియమమే. నడివయస్సులో అట్లు కూర్చొనడం ఒక విధంగా సుఖమే. పరుగెత్తేవారిని చూడడానికి అది మంచి చోటు.