తేదీ లేని ఎదురుచూపు

బందీని బతికించేది ‘రేపో మాపో వదిలేస్తారు’ అన్న ఆశేనని అనుకుంటాం. లెబనాన్ రాజధాని బేరూత్‌లో 1980లలో బందీలైనవారి అనుభవం వేరేగా ఉంది. బందీలను విడిపించే మాటల కోసం వెళ్లిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ దూత టెర్రీ వెయిట్ 1987 జనవరిలో తానే బందీ అయ్యాడు. మొత్తం 1,763 రోజులు. అందులో దాదాపు నాలుగేళ్లు ఒంటరిగా. గోడకు గొలుసు, కాపలావాడు వస్తే కళ్లకు గంతలు. కాగితం, పెన్సిల్ లేవు. అయినా తన జీవితకథను మనసులోనే వాక్యం వెంట వాక్యం రాసుకున్నాడు. పక్కగదిలోని అమెరికన్ విలేకరి టెర్రీ ఆండర్సన్‌తో గోడ తట్టి మాట్లాడాడు: ఒక దెబ్బకు ‘ఎ’, రెండు దెబ్బలకు ‘బి’. ‘జెడ్’ కావాలంటే ఇరవై ఆరు కొట్టాలి! అంత నిదానమైన కబుర్లకు ఓపిక ఉండాలి గాని, విడుదల తేదీతో పనిలేదు.

వాళ్లను విడిపించింది ఆశ కాదు, దౌత్యం కదా అనవచ్చు. నిజమే, 1991లో ఐక్యరాజ్యసమితి తరఫున జాండొమెనికో పీకో నడిపిన మంతనాలే తలుపులు తెరిచాయి. అందరూ బయటపడలేదు కూడా; అక్కడే బందీ అయిన ఫ్రెంచి పండితుడు మిషెల్ స్యురా చెరలోనే కన్నుమూశాడు. మనోబలం మందు కాదు. కానీ మంతనాలు ఎప్పుడు ఫలిస్తాయో బందీకి తెలియదు. గడువు పెట్టుకున్న ఆశ ఆ గడువు దాటగానే కుంగదీస్తుంది. ఇవాళ్టి పనికి ఆ గండం లేదు. దాదాపు ఏడేళ్లు బందీగా ఉన్న ఆండర్సన్, తోటి బందీ థామస్ సదర్లాండ్ దగ్గర ఫ్రెంచి నేర్చుకున్నాడు.