కొత్త నేల పాడైతే తప్పెవరిది?

(గోదావరిఖనిలో మహిళా కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడమంటే ఈమె ఇంటి నేల గురించి మాట్లాడుతుందేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. హింస, వరకట్నం, ఆస్తిహక్కు వంటి సమస్యల ముందు పగిలిన టైలు, ఉబ్బిన పలక చిన్న విషయాలే. కానీ ఈ బొగ్గు ప్రాంతంలో కొత్త నేల అంటే ఏమిటో మీకు నాకంటే బాగా తెలుసు. బాయి పని నుంచి రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి. చేతికొచ్చిన గ్రాట్యుటీ, పి.ఎఫ్. డబ్బు గోడలకీ స్లాబుకీ పోగా, మిగిలినదాంతో నేల వేయిస్తారు. ముప్పై ఏళ్ళు కంపెనీ గచ్చు తుడిచిన స్త్రీ 'ఇది నాది' అనుకుని మొదటిసారి తుడిచే నేల అది.

ఆ నేల ఆర్నెల్లకే పాడైందనుకోండి. అప్పుడు వినబడే మాటలు చూడండి. సరుకు మంచిదే, వేసినవాడికి పని రాదంటాడు షాపాయన. కింద గచ్చు ఆరలేదు, ఇల్లు కట్టిన మేస్త్రీని అడగమంటాడు వేసినవాడు. నాదేం లేదు, అంతా ఓపెన్‌కాస్టు బ్లాస్టింగు వల్లే అంటాడు మేస్త్రీ. గని ఆఫీసుకు పోతే, మీ కట్టుబడే నాసిరకమన్న జవాబు రావచ్చు. ఇలా ఊరంతా తిరిగి నింద మళ్ళీ ఇంటికే వస్తుంది. 'బకెట్ల కొద్దీ నీళ్ళు పోసి కడిగితే పాడు కాదా?' ఈ మాట షాపాయనతో పాటు భర్తా అంటాడు, కొడుకూ అంటాడు.

ఈ మధ్య మన ఊళ్ళకూ వచ్చిన లామినేట్ పలకల విషయంలో ఇది మరీ ఎక్కువ. చూడడానికి కర్రలా ఉన్నా అది నిండు కర్ర కాదు. చెక్క నారను జిగురుతో కలిపి ఒత్తి చేసిన పలక. పైన చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం, దాని మీద గట్టి పొర. అతుకుల్లోంచి నీళ్ళు దిగి అంచులు ఉబ్బితే, ఆరినా మామూలుగా కావు. బొగ్గు దుమ్ము పడే ఊళ్ళో నేలను రోజూ తడిగుడ్డతో తుడవక తప్పదు. అది తెలిసీ అమ్మినవాడు, దీన్ని కడగకూడదని ఎవరికి చెప్పాడు? బేరమాడిన మగవాడికి చెప్పాడేమో. తుడిచే మనిషి దాకా ఆ మాట వచ్చిందా? వారంటీ కాగితం తెలుగులో ఉందా? అమ్మేనాడు చెప్పని షరతును, నష్టం వచ్చాక బయటికి తీస్తే మనం ఊరుకోనక్కర్లేదు.

ఆ మాటకొస్తే, పాడైన తీరే కొంత చెబుతుంది. బాత్రూం గుమ్మం దగ్గరో, నీళ్ళ బిందె దగ్గరో మాత్రమే ఉబ్బితే పైనుంచి పడిన నీళ్ళు కావచ్చు. గదంతా ప్రతి అతుకూ లేస్తే కింది తేమను అనుమానించాలి. గచ్చు ఆరకముందే వేశారా, కింద ప్లాస్టిక్ షీటు పరిచారా అని అడగాలి. గది మధ్యలో గుడారంలా లేస్తే, పలక సాగడానికి గోడల వెంట 8, 10 మిల్లీమీటర్ల సందు వదిలారో లేదో చూడాలి. టైలు తడితే డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు సరిగా పట్టలేదని అర్థం. పగులు నేలతో ఆగక గోడెక్కి కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోతుంటే పునాది వైపు, భూమి కదలిక వైపు చూడాలి. అయితే పగులును చూసినంత మాత్రాన బ్లాస్టింగు వల్లేనని ఎవరూ చెప్పలేరు, కాదనీ చెప్పలేరు.

బ్లాస్టింగుకు హద్దులు లేకపోలేదు. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో ఇచ్చిన 7వ నంబరు సర్క్యులర్ ప్రకారం, గని యాజమాన్యానికి చెందని ఇళ్ళ దగ్గర కంపనం సెకనుకు 8 సార్లకు తక్కువైతే నేల కదిలే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. 8 నుంచి 25 సార్ల మధ్య 10, ఆపైన 15. యాజమాన్యం సొంత ఇళ్ళకైతే ఈ అంకెలు 10, 15, 25. వాటి ఆయుష్షు ఎలాగూ పరిమితం అన్నది ఆ తేడాకు ఆధారం. క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ మనకు ఒక లెక్క, సొంతింటికి వచ్చాక మరో లెక్క! లోపల కాపురముండే మనుషులు మాత్రం వాళ్ళే.

సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. 2005 నాటి సమాచార హక్కు చట్టం దానికి వర్తిస్తుంది. ఏ తేదీన, ఏ గంటకు పేల్చారు, ఎంత మందుగుండు వాడారు, కంపనాన్ని ఎక్కడ కొలిచారు, ఎంత వచ్చింది అని రాసి అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. దాని పక్కన పెట్టడానికి మన దగ్గరా ఒక లెక్క ఉండాలి కదా. గిన్నెలు గలగలమన్న వేళ, తలుపు అదిరిన వేళ ఇంట్లో ఉండేది ఎక్కువగా స్త్రీలే. ఒక నోటుబుక్కులో తేదీ, టైము రాసుకోండి. పగులు చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి. వాడలో పది ఇళ్ళలో ఒకే పని చేస్తే, 'మీ ఒక్క ఇల్లే నాసిరకం' అనడం అంత తేలిక కాదు.

బ్లాస్టింగు నష్టానికి వినియోగదారుల కమిషన్ దారి కాదు. మనం గని దగ్గర ఏమీ కొనలేదు. అక్కడ కలెక్టరుకు, గనుల భద్రతా అధికారులకు ఫిర్యాదు, ఆపైన సివిల్ కోర్టు. షాపు మీద, పని ఒప్పుకున్న కంట్రాక్టరు మీద అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. బిల్లు భర్త పేరున ఉందని వెనక్కి తగ్గకండి. కొన్నవారి అనుమతితో వస్తువును వాడుకునేవారు కూడా ఆ చట్టం కింద వినియోగదారులే. మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ళ లోపు చేయాలి. చెల్లించిన విలువ 5 లక్షల దాకా ఫీజు లేదు. సరుకులో లోపం పరీక్షిస్తే గానీ తేలనప్పుడు కమిషన్ దాన్ని ల్యాబుకు పంపగలదు. అందుకే 'ఊడదీసి కొత్తది వేస్తాం' అని షాపువాళ్ళు వచ్చినా, ఫోటోలు తీసి, రెండు పాడైన పలకలు, మిగిలిన కొత్త పలక ఒకటి, పెట్టె మీది బ్యాచి నంబరు దాచాకే చేయి వేయనివ్వండి.

ఇక నేల వేసిన కుర్రాడి సంగతి. చాలాసార్లు అతనూ మన వాడలవాడే, దినకూలీకి వచ్చినవాడే. అతన్ని పంపింది షాపే అయితే బాధ్యత కూడా షాపునే అడగాలి. కూలి ఎగ్గొట్టి నష్టం రాబట్టుకోవాలన్న ఆలోచన కొందరికి వస్తుంది, నేను దానికి ఒప్పుకోను. తేమ సంగతి షాపువాళ్ళకు ముందే చెప్పానని అతను ఒక కాగితం మీద రాసిస్తే, అది మనకే పనికొస్తుంది.

వకీలు ఖర్చు గురించి ఎవరో అడిగారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఇవ్వాలి. వెళ్ళేటప్పుడు బిల్లు, ఫోటోలు, ఆ నోటుబుక్కు వెంట తీసుకుపోండి.