ఆకాశమునుండి దిగిన పెట్టె
(బంట్వారము గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



2022 డిసెంబరు 7వ తేదీన మన జిల్లాలోని మర్పల్లి మండలము, మొగిలిగుండ్ల పొలములలో ఆకాశమునుండి ఒక పెద్ద వాహనము దిగినది. ఎగిరే పళ్లెమని కొందరు భయపడిరి. చుట్టుపట్ల గ్రామములవారు తండోపతండములుగా చూడవచ్చిరి. అది ఒక స్పెయిన్ సంస్థ పరీక్షకొరకు హైదరాబాదునందలి బెలూను కేంద్రమునుండి పంపిన, మనుష్యులు లేని వాహనము. ఆ కేంద్రము టాటా మౌలిక పరిశోధన సంస్థవారిది. హైదరాబాదునుండి బెలూనులు లేచుట నిన్నమొన్నటి మాట కాదు. అది సూక్ష్మకణముల తాకిడులను పరిశోధించుటకై ఆరంభమైన పని. ఆ సంగతినే నేడు మీకు విన్నవింపదలచితిమి.

పదార్థమంతయు పరమాణువులతోను, అవి మరింత సూక్ష్మమైన కణములతోను ఏర్పడియున్నవి. కాయలో గింజ యెట్లున్నదో తెలియవలెనన్న కాయను పగులగొట్టవలెను గదా! కణముల విషయమును అట్టిదే. మహావేగముతో ఒకదానితో నొకటి ఢీకొన్నగాని వాని లోగుట్టు బయటపడదు. స్విట్జర్లండు, ఫ్రాన్సు సరిహద్దున భూగర్భములో 27 కిలోమీటర్ల చుట్టుకొలతగల యంత్రమును నిర్మించి, ప్రోటానులను ఢీకొట్టించి, 2012లో హిగ్స్ కణమును కనుగొనిరి.

అంతటి యంత్రములు లేని కాలమున శాస్త్రజ్ఞులు ఆకాశమునే ఆశ్రయించిరి. అంతరిక్షమునుండి మిక్కిలి శక్తిగల కణములు నిరంతరము వచ్చుచున్నవని 1912లో హెస్ అను శాస్త్రజ్ఞుడు బెలూనులో ఎక్కి కనుగొనెను. వీనినే కాస్మిక్ కిరణములందురు. ఇవి గాలిని తాకి చెదరగా పుట్టిన కణములు, భూమిపై ప్రతి చదరపు సెంటీమీటరునకును నిమిషమునకు సుమారు ఒకటి చొప్పున రాలుచున్నవి. మనము కంది చేనిలో నిలిచియున్నను అవి మన శరీరముగుండా పోవుచునే యుండును. చెదరక మునుపే వానిని పట్టవలెనన్న గాలి పలుచనైన యెత్తునకు పోవలెను. అందులకే బెలూనులు.

ఈ పరిశోధనకు జీవితమును అంకితము చేసినవారిలో ఎం.జి.కె. మీనన్ గారొకరు. వారు 1928లో మంగుళూరున జన్మించిరి. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, నోబెల్ బహుమాన గ్రహీతయైన పావెల్ గారియొద్ద పనిచేసి 1953లో డాక్టరేటు పొందిరి. ఫొటోలకు వాడు మందును దళసరి పొరలుగా పేర్చి బెలూనులో పంపుట వారి పద్ధతి. కణము పోయిన దారి, ఆ పొరలను కడిగిన పిమ్మట, నల్లని చుక్కల గీతగా తోచును. ఆ గీతలను సూక్ష్మదర్శినితో నెలల తరబడి వెదకెడివారు. 1955లో మీనన్ గారు స్వదేశమునకు వచ్చి టాటా సంస్థలో చేరిరి. భాభా గారి మరణానంతరము 1966లో దాని సంచాలకులైరి.

వారి కృషి ఆకాశమునకే పరిమితము కాలేదు. తెలుగువారెందరో కూలిచేసిన కోలారు బంగారు గనులలో, రెండు కిలోమీటర్లకు పైబడిన లోతున, భారత, జపాను, బ్రిటిషు శాస్త్రజ్ఞులతో కలిసి పరికరములు నిలిపిరి. గాలిలో కాస్మిక్ కిరణముల తాకిడివలన పుట్టిన న్యూట్రినోల జాడను 1965లో అచ్చట కనుగొనిరి.

భూమియొక్క అయస్కాంతశక్తి మన ప్రాంతమున తక్కువ శక్తిగల కణములను త్రోసివేయును. బలమైనవే లోనికి రాగలవు. కావున హైదరాబాదు ఈ పనికి అనువైన స్థలము. 1969లో అచ్చట స్థిరమైన కేంద్రమేర్పడినది. హైడ్రోజను నింపిన ఆ పలుచని ప్లాస్టిక్ బెలూనులు 30 కిలోమీటర్లకు మించి లేచును. పని ముగిసిన పిదప పరికరముల పెట్టె రంగుల పారాచూటుతో, పొడవైన త్రాడుతో నేలకు దిగును. గాలివాటునుబట్టి అది మన పొలములలోనే దిగవచ్చును.

కావున మా మనవి యిది. పెట్టె దిగినచో భయపడవలదు, విప్పవలదు. కొన్నిటిలో ప్రమాదకరమైన అధిక విద్యుత్తుండవచ్చును. పెట్టెపైనున్న చిరునామాకో, దగ్గరి పోలీసు ఠాణాకో కబురంపుడు. చెక్కుచెదరకుండ అప్పగించినవారికి తగిన పారితోషికమిత్తురు. పారాచూటు బట్టకై చింపిన పెట్టె మనకు పది రూపాయలు చేయదు. దానిలో ఒక శాస్త్రజ్ఞుని యేండ్ల శ్రమ యుండును. ఆ రాత్రి ఆకాశమున పట్టిన జాడ మరల దొరకదు.

ఒడ్డున నిలబడి కాపలా కాయునపుడు, మీ బడిపిల్లలను వెంట బెట్టుకొనుడు. పెట్టెకొరకు వచ్చినవారిని, ఇందులో నేమున్నదని వారిచేతనే అడిగింపుడు.