కొనుటకు ముందు చదువవలసిన చరిత్ర



మన పల్లెలలో ఎద్దును కొనబోవువాడు సంతకు ఒంటరిగా పోడు. పశువుల గుణదోషములెరిగిన పెద్దనొకనిని వెంటబెట్టుకొని పోవును. ఆ పెద్ద పండ్లు పట్టి వయస్సు చూచును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. అటుపిమ్మటనే అమ్మువాని మాటలకు చెవి యొగ్గును. పొలము కొనబోవువాడును అంతే. రిజిస్ట్రారు కచేరిలో ఈ.సి. తీయించి, గడచిన ముప్పది యేండ్లలో ఆ భూమి ఎవరి చేతులు మారినదో, ఏ తాకట్టులో నున్నదో చదివించుకొనిన పిమ్మటగాని బయానా ఇయ్యడు. ఈ జాగ్రత్తలు మనకు పెద్దల నుండి వచ్చినవే. వీనినే పాత మోటారు కారునకు, అందును స్పోర్ట్సు కారునకు, ఎట్లు అన్వయించుకొనవలెనో చెప్పుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

పల్లెపట్టున కూర్చున్న మనకు స్పోర్ట్సు కారుతో నేమి పని యని మీరడుగవచ్చును. మన బిడ్డలు పెక్కురు చదువులకును ఉద్యోగములకును ఇంగ్లండునకు పోయియున్నారు. అచ్చట ఇరువది యేండ్లనాటి రెండు సీట్ల కార్లు, మడచుటకు వీలైన గుడ్డకప్పు గలవి, క్రొత్తకారు వెలలో స్వల్పభాగమునకే దొరకును. పడుచువారికి వానిపై మనసు పోవుట సహజము. అయితే కొనువాడు తాను కూడబెట్టిన ధనమును మాత్రమే గాక, తన ప్రాణమును కూడ ఆ యినుమునకు అప్పగించుచున్నాడు. కొనవలదని మనము చెప్పిన వారు వినరు. ఎట్లు చూచి కొనవలెనో చెప్పిన విందురు.

ఆ దేశమున ఇందుకొక మంచి సాధనము కలదు. 1960వ సంవత్సరమున, ఎర్నెస్టు మార్పుల్సు రవాణామంత్రిగా నున్న కాలమున, పాతబండ్లను ఏటేట పరీక్షించు నియమము అచ్చట ప్రారంభమైనది. మొదట పదియేండ్లు నిండిన బండ్లకే వర్తించిన యీ నియమము, 1967 నాటికి మూడేండ్లు నిండిన వానికెల్ల వర్తించెను. నాటి రవాణా మంత్రిత్వ శాఖ ఆంగ్లనామములోని తొలి యక్షరములను బట్టి దీనిని ఎం.ఓ.టి. పరీక్ష యందురు. శాఖ పేరు మారినను పరీక్ష పేరు నిలిచినది. బ్రేకులు, టైర్లు, దీపములు, స్టీరింగు, సీటుబెల్టులు, పొగ, బండి యడుగుభాగపు గట్టితనము, వీనినన్నిటిని ఇందు చూతురు. కారు టైరుమీది చాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో బండి పరీక్ష తప్పును.

ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో 2005వ సంవత్సరము మొదలు జరిగిన పరీక్షల ఫలితములను ప్రభుత్వమువారు తమ వెబ్‌సైటులో నుంచినారు. బండి నంబరు తెలిసినచో చాలును. రుసుము లేకుండ ఎవరైనను చదువవచ్చును. యజమాని పేరు అందుండదు. కాని బండి ఎన్నడు నెగ్గెను, ఎన్నడు తప్పెను, ఏ దోషముచేత తప్పెను, ఆనాటికి ఎన్ని మైళ్లు తిరిగెను అనునవి యన్నియు నుండును.

దీనిని చదువుటకొక పద్ధతి కలదు. తర్కసంగ్రహమున ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పబడినవి. వానిలో మూడింటితో ఇచ్చట మనకు పని కలదు.

మొదటిది శబ్దము, అనగా ఆప్తవాక్యము. పరీక్షకుడు వ్రాసిన మాటలను ఉన్నవి యున్నట్లు చదువవలెను. 2018 మే 20వ తేదీ నుండి దోషములను మూడు తెగలుగా వ్రాయుచున్నారు. ప్రమాదకరమైన దోషము గాని, పెద్దదోషము గాని యున్నచో బండి తప్పినట్లే. చిన్నదోషమే యైనచో బండి నెగ్గును, అయినను బాగుచేయించుకొనవలెను. ఇవి గాక అడ్వైజరీ యను హితవాక్యమొకటి కలదు. ఇప్పటికిది దోషము గాదు, ముందుముందు కాగలదు, కనిపెట్టి యుండుమని దాని భావము. అమ్మువాడు తరచుగా "మొన్ననే ఎం.ఓ.టి. నెగ్గినది" అని చెప్పును. ఆ మాట నిజమే కావచ్చును. కాని నెగ్గుట యనునది పరీక్షనాటి స్థితినే తెలుపును. కావున చివరి పత్రమొక్కటి చాలదు. అన్ని సంవత్సరముల పత్రములను వరుసగా చదువవలెను.

రెండవది అనుమానము. వరుసగా చదివినప్పుడే ఇది సాధ్యమగును. ఒక యేట 72,000 మైళ్లు, మరుసటి యేట 78,000, ఆపై యేట 51,000 అని యున్నదనుకొందము. తిరిగిన మైళ్లు తరుగవు గదా! వ్రాయుటలో పొరపాటైనను జరిగియుండవలెను, మీటరు మార్చియైనను ఉండవలెను, వెనుకకు త్రిప్పియైనను ఉండవలెను. ఏది జరిగెనో కాగితముతో ఋజువు చూపుమని యడుగవలెను. నడుమ ఒకటి రెండేండ్లు పరీక్షయే లేకున్నచో బండి కొట్టములో నిలిచియుండవచ్చును. అది దోషము గాదు. కాని ఎందుకు నిలిచెనో తెలియవలెను. ఒకే హితవాక్యము ఏటేట కనబడుచున్నచో, ఆ యజమాని హెచ్చరిక విని యూరకుండువాడని గ్రహింపవలెను. అట్టివాడు ఇంజను నూనెను మాత్రము వేళకు మార్పించెనని ఎట్లు నమ్ముదుము? బండి ఒకసారి తప్పినంతమాత్రమున భయపడ నక్కరలేదు. తప్పి, చక్కగా బాగుపడి, ఆ దోషము మరల కనబడని బండి, ప్రతియేట అంచుమీద నెగ్గుచు వచ్చిన బండికంటె మేలు.

గత సంవత్సరము నా దౌహిత్రుడు అచ్చట ఇట్టి కారునొకదానిని చూచి, "తాతయ్యా, కారు అద్దమువలె నున్నది, మైళ్లు తక్కువ, రేపు సొమ్ము కట్టెదను" అని ఫోనులో చెప్పెను. "నాయనా, ఈ రాత్రి దాని చరిత్ర చదివి వినిపింపుము" అంటిని. అతడు చదువుచుండగా నేను కాగితముపై వ్రాసికొంటిని. నాలుగేండ్లు వరుసగా వెనుకచక్రముల ముందు సిల్లులకు తుప్పు అని హితవాక్యము కలదు. అయిదవ యేట ఆ తుప్పుచేతనే బండి తప్పి, రెండు దినములకు నెగ్గినది. అటుపిమ్మట తుప్పు మాటయే లేదు. రెండు దినములలో మంచి పని జరుగవచ్చును. వట్టి పైపూతయు జరుగవచ్చును. పని చేయించిన బిల్లు చూపుమని అమ్మువానిని అడుగుమంటిని. బిల్లు లేదని జవాబు వచ్చెను. మరునాడు మావాడు మెకానిక్కు నొకనిని వెంట గొనిపోయి, చిన్న అయస్కాంతమును సిల్లుపై నుంచి చూచెను. తలుపునకు అంటిన అయస్కాంతము అచ్చట అంటలేదు. లోన ఉక్కునకు బదులు పుట్టీ నింపి రంగు వేసియుండిరి. అతడు నమస్కరించి వెడలి వచ్చెను.

సిల్లు అనగా తలుపు క్రింద ముందుచక్రము నుండి వెనుకచక్రము దాక సాగు బోలు ఉక్కుదూలము. గట్టి పైకప్పు లేని కారునకు బలమెక్కువగా నేలవైపు నుండియే రావలెను గనుక, ఇట్టి బండ్లకది వెన్నెముక వంటిది. సీటుబెల్టు బిగించిన చోటునకు 30 సెంటీమీటర్ల లోపల ఉక్కు తుప్పుచే సారము చెడినచో పరీక్షలో బండిని తప్పింతురు. బెల్టు మనిషిని పట్టవలెనన్న, బెల్టును ఉక్కు పట్టవలెను గదా! ఆ దేశమున చలికాలమున మంచు కరగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు అడుగుభాగమును తినివేయును. 1989లో వెలువడి లోకప్రసిద్ధమైన మాజ్డా ఎం.ఎక్స్-5 యొక్క తొలి రెండు తరముల కార్లలో, గుడ్డకప్పు నుండి నీరు జారు గొట్టములు ఆకులతో పూడుకొనినచో, ఆ తేమ సిల్లుల వెనుకకొనలను తుప్పు పట్టించునని కొనువారందరును ఎరుగుదురు.

ఇక మూడవది ప్రత్యక్షము. చరిత్ర ఎంత మంచిదైనను కంటితో చూడక కొనరాదు. ఎం.ఓ.టి. పరీక్షలో ఇంజను, క్లచ్చి, గేర్‌బాక్సుల స్థితిని చూడరు; పరీక్షకుడు బండిభాగములను విప్పి చూడడు. వీనిని తెలిసిన మెకానిక్కు చూడవలెను. బండిమీద తీరని అప్పున్నదో, ప్రమాదములో చెడి బీమావారు వదలివేసినదో యను సంగతులును ఈ చరిత్రలో నుండవు. వానికై వేరు విచారణ చేయింపవలెను. నలువదియేండ్లు దాటి, పెద్ద మార్పులు జరుగని కార్లకు 2018 నుండి ఈ పరీక్ష తప్పనిసరి గాదు. కావున మిక్కిలి పాత స్పోర్ట్సు కారు విషయమున ఇటీవలి సంవత్సరముల చరిత్రయే లేకపోవచ్చును. అట్టిచో ప్రత్యక్షమే ముఖ్యప్రమాణము.

మన దేశమున సొంతకారు రిజిస్ట్రేషను మొదట పదునైదేండ్లు చెల్లును. పిమ్మట అయిదేసి యేండ్లకు బండిని చూచి పొడిగింతురు. ఇచ్చట ఇట్టి ఏటేటి పరీక్షలు లేవు గనుక, పాతకారు కొనువారు ఆర్.సి.లో అప్పు పద్దును, సర్వీసు బిల్లులలోని తేదీలను, కిలోమీటర్లను వరుసగా పేర్చి చదువుకొనవలెను. పద్ధతి మాత్రము ఒక్కటే.

ఆర్యులారా! కొనువానికి ఆశచేత తొందర. అమ్మువానికి అవసరముచేత తొందర. ఇరువురి నడుమ నిలిచి నిదానముగా ప్రశ్నింపవలసినవారు పెద్దలు. మీ బిడ్డ ఫోను చేసినప్పుడు రంగును గూర్చియు, వేగమును గూర్చియు అడుగకుడు. అన్ని సంవత్సరముల పరీక్షలు చదివితివా? మరల మరల కనబడిన దోషమేది? దానిని బాగుచేసిన బిల్లున్నదా? ఈ మూడే అడుగుడు. మంచి అమ్మకందారు ఈ ప్రశ్నలకు కోపగింపడు. కోపగించినచో మీకు జవాబు దొరకినట్లే.