నాలుగు కడపటి గీతములు

శ్రీకాకుళమునకు విజయనగరము ఎంత దూరము? అచటి సంగీత కళాశాలలో 1919 మొదలు ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు నేర్పిరి. ఒక్క కంఠమున, ఒక్క ఫిడేలున రాగము పెరుగుట మన చెవికి అలవాటు. నూరు వాద్యములు ఒక్కమారు మ్రోగినచో సంత సందడివలె తోచును. మొదట మాకును అట్లే తోచినది, దాచనేల?

జర్మను స్వరకర్త రిహార్డ్ స్ట్రాస్ ఈ గీతములను 1948లో కూర్చెను. మరుసటి సెప్టెంబరులో మరణించెను. వాని కచేరీ ఆయన వినలేదు. 1950 మే 22న లండను రాయల్ ఆల్బర్ట్ హాలులో ఫుర్ట్‌వేంగ్లర్ ఫిల్హార్మోనియా బృందమును నడుపగా, నార్వే గాయని కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ తొలిసారి పాడెను. ఆ కచేరీకి ధనపు పూచీ వహించినవారు మన మైసూరు మహారాజు జయచామరాజ ఒడయరుగారు!

నిద్రకుపోవు వేళను గూర్చిన పాటలో గాయని నడుమ మౌనము వహించును. అపుడు ఒంటి ఫిడేలు లేచును. తక్కిన తీగలు దానిక్రింద మెత్తగా మ్రోగుచుండును. అది తంబురా శ్రుతి కాదు. అడుగు స్వరములు మారుచుండగా ఫిడేలు రంగును మారుచుండును. మనకు కొత్త ఇదియే. తక్కిన దానిని విడిచి, ఆ ఫిడేలునే పట్టుకొని వినుడు. గాయని మరల అందుకొనునది దాని బాణీనే.